రబ్బరు కోసం జరిపిన బొట్టు

నేను చెప్తా ఉండాను, మా కోడలు రాస్తా ఉండాది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు చదవడం వచ్చు, గాలి కొలిచే గేజీలో ముల్లు యాడ నిలబడిందో చూసి చెప్పడం వచ్చు. అంతకు మించి అక్షరం రాదు. రాదని సిగ్గూ లేదు. కోడలు మధ్య మధ్యలో "అత్తా, ఈ మాట మోటుగా ఉండాది, మారుస్తా" అంటా ఉండాది. మార్చొద్దు మే, నా నోట్లో వచ్చినట్టే రాయి అని చెప్పినాను. ఈ మాట రాసిందో లేదో కూడా చదివించుకుని వింటాను.

నగిరి, పుత్తూరు, సత్యవేడు తట్టు నుంచి కంపెనీ బస్సెక్కి శ్రీ సిటీ దిక్కు పనికి పోయే ఆడబిడ్డల కోసం ఇది. అందులోనూ మేము చేసిన పనికి కొత్తగా చేరేవాళ్ళ కోసం. చేరిన దినం మీకు టోపీ ఇస్తారు, మెడకు కార్డు వేస్తారు, యాడ తినాల, యాడ చేతులు కడుక్కోవాల అని చెప్తారు. నేను చెప్పేది వాళ్ళు చెప్పరు. కంపెనీ పేరు చెప్పను. పేరుతో మీకు పని లేదు.

ఆ కంపెనీలో నన్నొక కుర్చీలో నుంచి లేపినారు. ఎందుకు లేపినారు, మళ్ళా ఎట్లా కూర్చున్నాను, అదే నా కథ. తక్కినదంతా అది అర్థం కావడానికి చెప్తా ఉండాను.

గాలి ప్యాంటు

మేము కుట్టింది యుద్ధ విమానాలు తోలే పైలట్లు వేసుకునే సూట్లు. పెద్దోళ్ళు జీ సూటు అంటారు. మేము గాలి ప్యాంటు అనేవాళ్ళం. నడుం కాడ నుంచి చీలమండ దాకా ఉంటాది, మోకాళ్ళ కాడ తెరిచి ఉంటాది.

తిరుమల కొండ మింద నుంచి బస్సులో దిగేటప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో ఏమైతాది? పక్కనోళ్ళ ఒళ్ళో పోయి పడతాము. కడుపులో తిప్పతాది. అది ముసలి బస్సు, మెల్లగా పోయేది. విమానం అంత వేగంలో మలుపు తిరిగితే ఒంటి బరువు ఒంటికే మోయలేనంత అయిపోతాదంట. చెయ్యి పైకి లేవదు. ఒంట్లో నెత్తురంతా కాళ్ళలోకి జారిపోతాది. తలకు చాలదు. మొదట రంగులు పోతాయి, తర్వాత చూపు పోతాది, ఆ తర్వాత తెలివి తప్పతాది. విమానం తోలేవాడికి తెలివి తప్పితే ఇంగ చెప్పేదానికేముండాది?

దానికే ఈ ప్యాంటు. కాలు విరిగితే పుత్తూరులో బిగించి కట్టు కడతారు, చూసుంటారు. ఆ మాదిరి బిగువు అనుకోండి, కాకపోతే కట్టినట్టే ఉండదు, కావాల్సినప్పుడు బిగిసి, వద్దన్నప్పుడు వదిలేస్తాది. లోపల రబ్బరు పూసిన గుడ్డతో చేసిన సంచులుంటాయి. కడుపు మింద ఒకటి, తొడలకు, పిక్కలకు ఒక్కొక్కటి. విమానం మలుపు తిరగతానే గొట్టంలో గాలి వచ్చి సంచులు ఉబ్బుతాయి. కాళ్ళను, కడుపును పిండి పట్టుకుంటాయి. నెత్తురును కిందికి దిగనీవు. మలుపు అయిపోతానే బుస్సుమని గాలి వదిలేస్తాయి.

చెప్పడానికి ఇంతే. కానీ ఒక అతుకు కాడ గాలి జారినా, ఒక కాలికి పట్టి ఇంకో కాలికి ఆలస్యంగా పట్టినా, ఆకాశంలో ఉండే బిడ్డకు అడిగే దిక్కు లేదు. అందుకే ప్రతి సూటూ మా గాలిబల్ల దాటి పోవాల.

గాలిబల్ల

నేను పుట్టింది నగిరిలో, మగ్గాలోళ్ళ ఇంట్లో. మా ఆయన పవర్‌లూమ్ మగ్గాలు బాగుచేసే మెకానిక్కు. మగ్గాలు సగం నిలిచిపోయినప్పుడు నేను కంపెనీ బస్సెక్కినాను. మొదట కుట్టులో వేసినారు. తర్వాత గాలిబల్లకు మార్చినారు.

గాలిబల్ల అంటే పొడుగాటి ఇనుప బల్ల. దాని మింద గాలి గొట్టం, వాల్వు, గేజీ. ముందు సూటును బల్ల మింద పరిచి గాలి పట్టి వాల్వు మూస్తారు. ముల్లు పడిపోతా ఉంటే యాడో కారతా ఉండాదని లెక్క. అతుకుల మింద సబ్బు నీళ్ళు పూస్తే కారే కాడ బుడగ లేస్తాది. అది దాటినాక, ప్రతి కొత్త లాటులో, అంటే ఒక్క విడతగా కుట్టిన సూట్లలో, మొదటి సూటును మనిషికి తొడిగి చూస్తారు. ఆ మనిషి కూర్చునేదానికి బల్ల చివర ఒక కుర్చీ, కూర్చుంటే గేజీ కండ్ల ముందరే ఉంటాది.

ఆ కుర్చీలోకి నేనెట్లా వచ్చినానంటే, పొట్టిగా పుట్టి వచ్చినాను. ఆడపిల్లలు కూడా పైలట్లు అవుతా ఉండారు, చిన్న సైజు సూట్లు కుట్టండి అని పైనుంచి చెప్పినారంట. హాల్లో ఆ సైజు పట్టేది నాకు. వరదరాజులు సారు నన్ను పైనుంచి కిందికి చూసి, "సుగుణమ్మా, నువ్వే మాకు పైలట్టు" అన్నాడు.

వరదరాజులు సారు మా మేనేజరు. చిత్తూరాయన. మంచి బాసు. ముందే చెప్తా ఉండాను, తర్వాత నేను చెప్పేది విని ఆయన్ను చెడ్డోడనుకుంటారు. గట్టిగా అరుస్తాడు, అరిచిన దినమే మా పక్కన కూర్చుని క్యారియర్ విప్పి తింటాడు. ఒకరి తప్పును ఇంకొకరి మింద వెయ్యడు. అంతకంటే మంచి బాసును నేను చూడలేదు.

మొదటి దినం చుడీదారు ప్యాంటు మింద సూటు తొడిగి, జిప్పులెక్కించి, తాళ్ళు బిగించినారు. వాల్వు కాడ కస్తూరి ఉండింది. కస్తూరి పుత్తూరు పిల్ల, రోజూ బస్సులో నా పక్క సీటు ఆమెదే. వరసేమీ లేకపోయినా నన్ను వదినా అని పిలిచేది. వాల్వు తిప్పిందో లేదో, నేను "అమ్మోవ్" అని అరిచినాను.

"ఎట్లుండాది వదినా?"

"కొండచిలవ మింగతా ఉండాది మే. నీకేం, బయట నిలబడుండావు."

"మా అన్న ఎప్పుడన్నా ఇంత గట్టిగా పట్టుకున్నాడా?"

"మీ అన్నకు అంత బలం యాడిది? రెండు ముద్దలు సంగటి తిని మూడో ముద్దకు నిద్రపోతాడు."

హాలంతా నవ్వులు. సారు అటు తిరిగి దగ్గినట్టు చేసినాడు. తర్వాత గొంతు సవరించుకుని, "రీడింగు చెప్పు" అన్నాడు. ముల్లు యాడుండాదో చెప్పినాను. రెండు కాళ్ళూ సమానంగా పట్టినాయా, కడుపు కాడ మడత పడి గుచ్చతా ఉండాదా, అన్నీ అడిగినాడు. ప్రతిసారీ అంతే. ఆయన "రీడింగు చెప్పు" అనాల, నేను చెప్పాల, ఆ మాటతో ఆ లాటు ముందుకు కదలాల.

కొత్తగా కూర్చునే బిడ్డలకు ఒక మాట. పది మంది చూస్తా ఉంటే, కడుపు కాడ గుచ్చుకుంటా ఉండాదని చెప్పడానికి మనకు సిగ్గు. "సర్లే, బాగుండాది" అనేస్తాము. అత్తింట్లో అట్లా అనీ అనీ అలవాటైపోయి ఉంటాది. ఆ మాటను గేటు బయట చెప్పులిడిచినట్టు ఇడిచి రండి.

నూనె

మా హాల్లో ఒక ఆచారం ఉండేది. కొత్త లాటు మొదలైనప్పుడు మొదటి సూటుకు పసుపు, కుంకుమ బొట్టు పెట్టి, ముత్తైదువ ఒంటి మింద మొదటి గాలి పట్టాల. ఆయుధపూజ దినం తప్పకుండా కొత్త లాటు మొదలుపెట్టేవాళ్ళు. ఎవరు మొదలుపెట్టినారో తెలీదు. మగ్గాలోళ్ళం కొత్త పడుగుకు బొట్టు పెట్టకుండా నేత మొదలుపెట్టము, ఆ అలవాటే మాతో బస్సెక్కి కంపెనీలోకి వచ్చుంటాది. కుర్చీలో ఉండేది నేను, మొగుడుండాడు, మెళ్ళో తాళి ఉండాది. కాబట్టి బొట్టు పెట్టేదీ నేనే.

రబ్బరు గుడ్డ నున్నగా ఉంటాది. పొడి కుంకుమ నిలవదు, రాలిపోతాది. బొట్టు రాలితే అశుభం గదా. దానికి కస్తూరి ఉపాయం చెప్పింది, దీపంలో నూనె రవ్వంత కలిపితే అతుక్కుంటాదని. నిజంగానే అతుక్కునింది. సారు చూసి "భేష్" అన్నాడు. సంచి అతుకు పక్కన, కనపడేటట్టు, గుండ్రంగా పెట్టేదాన్ని.

ఆ మొదటి సూటు బయటికి పోదు. నమూనా అని కంపెనీలోనే బీరువాలో పెడతారు. అప్పుడప్పుడు తీసి మళ్ళా గాలి పట్టి చూస్తారు. కొన్నాళ్ళకు చూస్తే ఆ నమూనా సూట్లే కారడం మొదలుపెట్టినాయి. అదే లాటులో తక్కినవి బాగుండాయి, మొదటిది మాత్రం కారతాది. ఇంకో లాటు తీస్తే అదే కథ.

అప్పుడు వచ్చింది లలిత. రబ్బరు, జిగురు గురించి చదువుకున్న ఇంజినీరు, మెడ్రాసు తట్టు పిల్ల, మాటలో సగం అరవం. కారే సూట్లన్నీ బల్ల మింద వరసగా పరిచింది. అన్నీ ఒకే చోట కారతా ఉండాయి.

"అక్కా, మొదటి పీసుకు మట్టుం మీరేదో వేరేగా చేస్తారు. ఏం చేస్తారు?"

కస్తూరి పైకప్పు చూస్తా ఉండాది. నేను నా గోళ్ళు చూసుకుంటా ఉండాను. చివరికి కుట్టు మిషను కాడ నుంచి సలోమి లేచింది. సలోమి వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, మా బొట్టు తతంగానికి ఎప్పుడూ దూరంగా నిలబడేది.

"మేడమ్, బొట్టు పెడతారు. నూనె కలిపి" అనింది.

అందరమూ ఆమెను మింగేసేటట్టు చూసినాము. లలిత మాత్రం తిట్టలేదు, నవ్వలేదు. రెండు రబ్బరు ముక్కలు తెచ్చి ఒకదాని మింద మా దీపం నూనె ఒక చుక్క వేసింది, ఇంకోటి ఉత్తదే పెట్టింది. కొన్ని దినాలకు పిలిచి చూపించింది. నూనె పడిన కాడ రబ్బరు మెత్తబడి అప్పడం మాదిరి పొంగుండాది. గోరు పెడితే అతుకు ఊడొచ్చింది. అప్పటి నుంచి హాల్లోకి తలకు నూనె రాసుకుని వచ్చినోళ్ళు టోపీ, చేతి తొడుగు లేకుండా గుడ్డ ముట్టకూడదని కూడా చెప్పింది. పైలట్లకు పోయిన సూట్లకు ఏమీ కాలేదు, బొట్టు పెట్టింది నమూనాలకే గదా. మా అదృష్టం.

అదే దినం సారు హాలు నడిమధ్యలో నిలబడి, "ఇంగ సూటు మింద బొట్టు లేదు. బల్ల కాలికి పెట్టండి" అన్నాడు.

కస్తూరికి భయం పట్టుకునింది. "దేవుడికి కోపం రాదా సార్?"

"రబ్బరు ఎట్లాంటిదో దేవుడికి తెలీదా అమ్మే? ఆయన చేసిందే గదా. బొట్టు రెండడుగులు పక్కకు జరిగితే ఆయనకేమీ కాదు."

అంతే. ఒక్క మాటతో బొట్టు సూటు మింద నుంచి బల్ల కాలికి జరిగిపోయింది. ఎవురూ ఏడవలేదు, ఎవరి కండ్లూ పోలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

తిరిగే యంత్రం

ఒకసారి మమ్మల్ని కొందరిని బెంగళూరు తీసకపోయినారు. ఆడొక గదిలో మనిషిని కూర్చోబెట్టి, ఆ గదిని పొడుగాటి ఇనుప చెయ్యికి తగిలించి గిరగిరా తిప్పతారు. విమానంలో ఒంటి మింద పడే బరువు నేల మిందనే పడేటట్టు చేస్తారు. లోపల మా సూటు వేసుకున్న పిల్లోడుండాడు. మీసాలు అప్పుడప్పుడే ముదురుతా ఉండాయి. మాకు టీవీలో వాడి మొగం చూపించినారు.

తిరగడం జాస్తి అయ్యేకొద్దీ ఆ మొగం కిందికి జారిపోయింది. బుగ్గలు వేలాడినాయి, కండ్ల కింద తోలు సాగింది. చూస్తా ఉండంగానే పడుచు పిల్లోడు తాత అయిపోయినాడు. పండ్లు బిగించి ఊపిరి పట్టి పట్టి వదలతా ఉండాడు. నేను కుర్చీలో కూర్చున్నట్టు నా పిక్కలు కూడా బిగుసుకున్నాయి.

దిగినాక చెమటలు తుడుచుకుంటా మా కాడికి వచ్చినాడు. మనోడే, తెలుగు పిల్లోడు.

"మీరేనామ్మా కుట్టింది? నా కడుపులో పేగులు లెక్క పెట్టేసింది మీ సూటు."

"పట్టకపోతే మేలా నాయనా?" అన్నాను.

వాడు నవ్వడం ఆపేసినాడు. "వద్దమ్మా. అట్లానే పట్టనీ" అన్నాడు.

తిరిగొచ్చినాక ఆ కుర్చీ నాకు ఉత్త కుర్చీగా కనపడలేదు. నేను అన్నం తినేది ఎందుకో నాకు తెలిసిన చోటు అది.

లేపినారు

మా ఆయన మగ్గం కాడనే కూలిపోయినాడు. గుండె. దాన్ని గురించి ఈడ చెప్పను, అది నాది.

కర్మలన్నీ అయినాక బస్సెక్కినాను. కస్తూరి పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకునింది. హాల్లోకి పోతే అందరూ పనిలో తలలు దించుకున్నారు. నేను టోపీ పెట్టుకుని గాలిబల్ల కాడికి నడిస్తే సారు గదిలోకి పిలిచినాడు. కూర్చోబెట్టి కాఫీ తెప్పించినాడు. కాఫీ వచ్చినప్పుడే నాకు అర్థమయ్యింది.

"సుగుణమ్మా, ఇంగ నువ్వు ప్యాకింగులో ఉండు. ఆడ ఒత్తిడి లేదు. నీకూ మంచిది."

"నేను మంచిది అడగలేదే సార్. గాలిబల్లకు ఎవరు?"

"కస్తూరి చూసుకుంటాది."

"నేనేం తప్పు చేసినాను?"

"తప్పు అని ఎవరన్నారు తల్లీ?" ఆయన కండ్లలో నీళ్ళు ఉండాయి, అబద్ధం కాదు. "పైకి పోయే పిలకాయల సూట్లు. మొదటి గాలి... నేనైతే ఇట్లాంటివి పట్టించుకోను. హాల్లో ఆడోళ్ళు వచ్చి అడిగినారు. వాళ్ళ మనసు కూడా చూడాల గదా."

"అంటే, మొగుడు చచ్చిందాని ఒంటికి తగిలితే సూటు చెడతాది."

"నేను ఆ మాట అన్లేదు."

"అన్లేదు సార్. కాఫీ తెప్పించినారు."

లేచి ప్యాకింగుకు పోయినాను. పోయి ఆడ ఏడ్చినానని అనుకోవద్దు. సూట్లు మడిచి పెట్టెల్లో పెట్టినాను, మొదటి గాలి ఎవరి ఒంటి మింద పడతా ఉండాదో చూసుకుంటా. ఈడ ఒక మాట చెప్పాల. అరిచే బాసుతో మీరు తిరిగి అరవచ్చు. కండ్లలో నీళ్ళు పెట్టుకుని మిమ్మల్ని పక్కకు జరిపే బాసుతోనే కష్టం. వాడి మంచితనం చూసి మీ నోరు పడిపోతాది. పడిపోనీయొద్దు.

ఇంకో మాట కూడా చెప్పాల. కస్తూరి ఆ పని బాగానే చేసింది. చిన్న సైజు ఆమెకు బిగువే గానీ తాళ్ళు వదులు చేసుకుని కూర్చునేది, ఉన్నది ఉన్నట్టు చెప్పేది. నేను లేకపోతే ఆ బల్ల కుంటుపడతాదని నేనెప్పుడూ అన్లేదు. పడలేదు. నేను పోట్లాడింది నాకే ఆ పని వచ్చునని కాదు. నన్ను ఎందుకు లేపినారో ఆ కారణం కుళ్ళుదని.

కొన్నాళ్ళు బస్సులో కస్తూరితో మాట్లాడలేదు. ఒక దినం సాయంత్రం నాగలాపురం దాటినాక ఆమే మొదలుపెట్టింది.

"నేను అడగలేదు వదినా. కూర్చోమన్నారు."

"కూర్చోమంటే కూర్చుంటావా?"

"మరేం చెయ్యమంటావు? మా ఆయన బతికుండాడు, అదా నా తప్పు?"

వెనక సీటులో నుంచి సలోమి తల ముందుకు పెట్టింది. "నేను పుట్టినప్పటి నుంచి బొట్టు పెట్టుకోలేదు. నేను కుట్టిన సంచులు యాడన్నా పేలినాయా? అది అడగండి ఇద్దరూ. మీలో మీరు గీక్కుంటారెందుకు?"

"నువ్వు ఊరికే ఉండు మే, అప్పుడు నూనె సంగతి చెప్పింది నువ్వే" అని కస్తూరి కసిరింది.

"చెప్పినాను. ఇప్పుడు కూడా చెప్తా ఉండాను" అనింది సలోమి.

నూనె మాట వినగానే నాకు సారు అన్న మాట చెవిలో మోగింది. బొట్టు రెండడుగులు జరిగితే దేవుడికేమీ కాదు. ఇంటికి పోయే దాకా ఆ మాటే.

ఆయుధపూజ

ఆయుధపూజ దినం అందరూ పట్టుచీరలు కట్టుకుని వస్తారు. నేను చుడీదారు వేసుకుని పోయినాను.

"ఏంది వదినా, పండగ పూట ఇది?" అనింది కస్తూరి.

"చలిగా ఉండాది."

"ఈ ఎండలోనా?" అని నన్ను తేరిపార చూసింది. ఆమెకు అర్థమయ్యింది. అయినా ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్నే గేటు కాడ బస్సులకు, లారీలకు గుమ్మడికాయలు కొడతా ఉండారు. అందరూ ఆడ ఉండారు. నేను హాల్లోకి పోయినాను. కొత్త లాటులో మొదటి సూటు బల్ల మింద సిద్ధంగా మడిచి ఉండాది, చిన్న సైజు. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకున్నాను. కాళ్ళు దూర్చినాను, జిప్పులెక్కించినాను, తాళ్ళు బిగించినాను. గొట్టం తగిలించుకున్నాను. కుర్చీలో కూర్చున్నాను. భయం లేదని చెప్పను. ఉద్యోగం పోతే కోడలికి, కొడుక్కు బరువైతానని తెలుసు.

వాళ్ళు లోపలికి వచ్చినారు. ముందర కస్తూరి, చేతిలో పసుపు, కుంకుమ తట్ట. వెనక ఆడోళ్ళు. సారు, లలిత. నన్ను చూసి ఎక్కడోళ్ళు అక్కడ నిలబడిపోయినారు. "అయ్యో, పండగ పూట" అని ఎవరో అన్నారు.

సారు మెల్లగానే అన్నాడు. "సుగుణమ్మా, లే."

"గాలి పట్టండి సార్, లేస్తాను."

"మొండితనం వద్దు. నీ మింద నాకు గౌరవం ఉండాది."

"ఉండనీండి. గౌరవం కుర్చీకి అడ్డం కాదు గదా."

"నమ్మకాలు అంత సులువుగా పోవమ్మా. నేనొక్కడిని మార్చలేను."

"మార్చినారు సార్. మీరే మార్చినారు. నూనెకు రబ్బరు చెడతాదని లలితమ్మ చెప్పిన దినమే బొట్టును సూటు మింద నుంచి బల్ల కాలికి జరిపినారు. ఎవరి మనసూ అడగలేదు. దేవుడికేమీ కాదన్నారు. రబ్బరుకు దెబ్బ తగలకూడదని బొట్టును జరిపినోళ్ళు, నాకోసం ఎందుకు జరపలేరు? నేను ఆ రబ్బరు కంటే తక్కువా?"

సారు మొగం ఎర్రగా అయ్యింది. నేను ఆపలేదు. ఆపితే మళ్ళా మొదలుపెట్టలేనని తెలుసు.

"ముత్తైదువగా ఉన్నప్పుడు నేను పెట్టిన బొట్టుకే గదా సూట్లు కారినాయి? ఆ బీరువాలో ఉండాయి, తీసి చూడండి. మొగుడు పోయినాక నేను చెడగొట్టింది ఏమన్నా ఉంటే, అది కూడా తీసి చూపించండి. చూపిస్తే ఇప్పుడే తాళ్ళు విప్పుకుని పోతాను."

సారు లలిత తట్టు చూసినాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, అట్లాంటిది ఏదీ లేదని. ఆయన ఆడోళ్ళ తట్టు చూసినాడు. ఆయన దగ్గరికి పోయి అడిగినోళ్ళు ఎవరో ఇప్పటికీ నాకు తెలీదు. అడిగినోళ్ళు ముందుకు వచ్చి నా మొగం చూసి చెప్పండి అన్నాను, ఒక్కరూ రాలేదు.

కదిలింది కస్తూరి. తట్టను బల్ల మింద పెట్టింది. కొంగుకు చేతులు తుడవబోయి, పట్టుచీరని గుర్తొచ్చి, పక్కనుండే గుడ్డతో తుడుచుకునింది. వాల్వు మింద చెయ్యి వేసి సారు తట్టు తిరిగి, "నాకు ఆ సైజు ఎట్లానూ బిగువు సార్" అనింది. తిప్పేసింది.

గాలి వచ్చింది. పిక్కలు, తొడలు, కడుపు. కొండచిలవ మళ్ళా పట్టుకునింది. నా కండ్లలో నీళ్ళొచ్చినాయి, బిగువుకే అనుకోండి. సారు గొంతు సవరించుకున్నాడు.

"రీడింగు చెప్పు" అన్నాడు.

చెప్పినాను. రెండు కాళ్ళూ సమానం, కడుపు కాడ మడత లేదు, ముల్లు కదలడం లేదు అని, గేటు దాకా వినపడేటట్టు చెప్పినాను.

గాలి వదిలినాక కస్తూరి కుంకుమ తట్ట నా ముందర పెట్టింది. "బల్ల కాలికి నువ్వే పెట్టు వదినా. కుర్చీలో ఉండేవాళ్ళే గదా పెట్టేది." పెట్టినాను. పొడి కుంకుమే, నూనె లేకుండా. వేలికి అంటిన దాన్ని నా నుదుటికి పెట్టుకుంటానేమో అని అందరూ చూస్తా ఉండారు. నాకు పెట్టుకోవాలని లేదు, పెట్టుకోలేదు. అది నా ఇష్టం. వాళ్ళు వద్దన్నారనీ కాదు, కావాలన్నారనీ కాదు.

తర్వాత

అంతా చక్కబడిందని చెప్పను. కొందరు ఆ దినం నుంచి నా చేతి పూలు తీసుకోవడం మానేసినారు. తీసుకోకపోతే పూలు నాకే మిగిలినాయి. సారు నన్ను క్షమించమని అడగలేదు, నేనూ అడగమనలేదు. మరుసటి దినం మా పక్కన కూర్చుని క్యారియర్ విప్పినాడు, చింతకాయ పచ్చడి నా తట్టు జరిపినాడు. నేను వేసుకున్నాను. రిటైరయ్యే దాకా ఆ కుర్చీలో ఉండాను. ఇప్పుడు ఆడ సలోమి ఉండాదంట. ఆమె బల్ల కాలికి బొట్టు పెట్టదు, కండ్లు మూసుకుని ఏదో చెప్పుకుని కూర్చుంటాదంట. సూట్లు పోతానే ఉండాయి, పిలకాయలు మలుపులు తిరగతానే ఉండారు.

కొత్తగా పోయే బిడ్డల్లారా, ఎవరన్నా మిమ్మల్ని ఒక చోట నుంచి లేవమంటే కారణం అడగండి. ప్రేమగా చెప్పినా అడగండి. కాఫీ ఇచ్చి చెప్పినా అడగండి. కారణం న్యాయమైతే లేవండి. కాకపోతే జవాబు చెప్పండి, గట్టిగానే చెప్పండి.

కానీ లేచి నిలబడి చెప్పొద్దు. కూర్చునే చెప్పండి.